నిలబడ్డవాటికి గడి లేదు

పలాసలో బండి ఆగకముందే
జీడిపిక్కలు కాలుతున్న వాసన
కిటికీలోంచి వచ్చి పక్కన కూర్చుంది.
పోయినసారి ఇది లేదు.
తడిమట్టి, కోసిన మాను, జనరేటర్ల డీజిలు,
అంతే అప్పటి పలాస.

అప్పుడు నేను లెక్క రాసేవాణ్ణి.
తూర్పుగోదావరి నుంచి డెప్యుటేషను,
మెడలో కార్డు, చంకలో రిజిస్టరు.
పడిన కొబ్బరికి ఒక గడి
పడిన జీడిమామిడికి ఒక గడి
పనసా మునగా ఇతరములు.
పన్నెండు రోజులు
మానుల మీదుగా కాలు వేసి దాటుకుంటూ
నాలుగు వేల చిల్లర రాశాను.
ఆఖరికొచ్చేసరికి
చెట్టు చెట్టులా కాదు,
అడ్డంగా పడుకున్న ఒకటో అంకెలా కనిపించేది.

రెండేళ్లయింది.
బరంపురంలో పెళ్లికని బయల్దేరి
టిక్కెట్టు అక్కడిదాకా ఉండగా
ఇక్కడ దిగిపోయాను.

కాశీబుగ్గ రోడ్డంతా కొత్త రేకులు,
ఎండ వాటి మీద పడి కంట్లోకి దూకుతోంది.
కరెంటు స్తంభాలన్నీ ఒకే వయసువి,
ఒకేసారి బడిలో వేసిన పిల్లల్లా.
ఒక కొట్టు మీద మాత్రం పాత బోర్డు:
క్ష్మీ జీడిపప్పు.
"ల" గాలికి పోయింది.
రాయించలేదా అంటే
పురుషోత్తం పప్పు తూస్తూనే అన్నాడు:
"ఒరిస్సాలో ఎక్కడో పడుంటాది బావూ.
తిరిగొత్తాదేమో అని సూస్తన్నాను."

మందస వైపు ఆటో.
నాకు దారి గుర్తుంది, ఇల్లు గుర్తు లేదు.
ఇల్లు అప్పుడు లేదు గనక.

దాలమ్మ అప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆపింది.
"పదకొండు రాసినారు. పన్నెండోదో?"
పన్నెండోది నిలబడే ఉంది.
మట్టల్లేవు, మొవ్వు లేదు,
ఆకాశంలోకి గుచ్చిన మొండి.
పడలేదు కదమ్మా, అన్నాను.
నిలబడ్డవాటికి గడి లేదు.
"నిలబడ్డాది గానీ బతికి నేదు."
మొవ్వు విరిగిన కొబ్బరి మళ్లీ చిగర్చదని
నాకూ తెలుసు,
నేనూ కొబ్బరినేల మీద పుట్టినవాణ్ణే.
పెన్నుకి మూత పెట్టాను.

ఇప్పుడామె నన్ను పోల్చుకుంది, తిట్టలేదు.
అది ఇంకొంచెం కష్టంగా ఉంది.
పీట వేసి, తన పని తను చేసుకుంటూ
ఆ పదకొండు చెట్ల కథ చెప్పింది.
డబ్బొచ్చింది గాని మిషను ఇవ్వలేదట.
ముప్ఫయ్యేళ్లు పిక్కలు కొట్టిన చేతులు,
జీడి వేళ్ల గీతల్ని ఎప్పుడో తినేసింది.
"నాలుగుమాట్లు యేలెట్టినాను.
నువ్వు నువ్వు కాదంటాది అది."
అయిదోసారి నిమ్మచెక్కతో రుద్ది
సున్నంనీళ్లతో కడిగి
ఎడంచేతి చిటికినవేలు ఆనిస్తే
పచ్చలైటు వెలిగిందట.
గోడ వైపు గడ్డంతో చూపించింది:
"సిటికినేలుతో కట్టినాను బావూ దీన్ని."

పన్నెండోది అలాగే ఉంది.
దానికో మేకు, మేకుకో తీగ, తీగకో బల్బు.
పైన వడ్రంగిపిట్ట తొలిచిన బొక్కలో
చిలకలు చేరి ఒకటే గోల.
కొట్టించెయ్యలేదే అని నేను అడగలేదు.
"అద్దె ఇయ్యవు," అంది తనే.

పెరట్లో మోకాలెత్తు మొక్కలు,
మేకల కోసం చుట్టూ ముళ్లకంప.
కాపుకి ఇంకా అయిదారేళ్లు.
ఆమెకి ఎన్నేళ్లో లెక్కవేయబోయి మానేశాను.
"ఈపాలి ఒచ్చినప్పుడు
నిలబడ్డోటికీ ఓ గడి గీసుకొచ్చీయండి."
నవ్విందో లేదో తెలియలేదు,
తల వంచుకుని ఉంది.

ఊరికే కూర్చోలేక ఓ పిక్క అందుకుని కొట్టాను.
పప్పు బద్దలైంది, రసం చిందింది.
"అది మీ పని కాదు," అని లాక్కుని
బద్దల్ని కాగితంలో చుట్టి నా జేబులో పెట్టింది.

బరంపురంలో, చేతిరాత బాగుంటుందని
చదివింపుల పుస్తకం నాకే అప్పగించారు.
పేరు, ఊరు, ఎంత.
పెన్ను పట్టుకున్న ప్రతిసారీ
బొటనవేలి మీద నల్లటి మచ్చ.
సబ్బుకి పోలేదు, కిరసనాయిలుకి పోలేదు.
పెళ్లివారిలో ఎవరో ముసలాయన చూసి చెప్పాడు:
జీడి అంతేనయ్యా,
తోమితే పోదు.
తోలు ఊడాలి.